ఇంట్లో పనిబల్ల: సరిహద్దు జిల్లాల సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల ప్రశ్నలు, మా జవాబులు

ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లో ఉంటూ బెంగళూరు, హైదరాబాద్, పుణె కంపెనీలకు ఇంటి నుంచే పనిచేస్తున్న పాఠకులు పంపిన ప్రశ్నలివి. చాలామంది ఏ ల్యాప్‌టాప్ కొనాలని అడిగారు. మా జవాబులు మాత్రం ఎర్తింగ్, బల్ల ఎత్తు, కరెంటు, వేడి దగ్గరే ఎక్కువసేపు ఆగాయి. అవి సరిగా లేనిచోట ఎంత ఖరీదైన మెషినైనా సగం పనే చేస్తుంది, అందుకని. ప్రాణానికి సంబంధించిన ప్రశ్నతో మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పాత ఇల్లు. మేడ మీద గదిలో పనిచేస్తాను. చార్జింగ్‌లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి పెడితే జిల్లుమనేది. మానిటర్ కేబుల్ గుచ్చబోతే ఓసారి నిప్పురవ్వ కూడా లేచింది. మా బావకి తెలిసిన కుర్రాడొచ్చి సాకెట్ విప్పి లోపల ఏదో చిన్న వైరు కలిపేడు. జిల్లు పోయింది. ఇంక భయం లేదంటారా?
— ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: భయం ఇప్పుడే ఎక్కువైంది. ఆ సాకెట్ ఈ రోజు నుంచే వాడకండి.

జిల్లు ఎందుకొచ్చిందో ముందు చూద్దాం. చార్జర్ లోపల కరెంటు వచ్చే వైపునీ ల్యాప్‌టాప్‌కి వెళ్లే వైపునీ కలుపుతూ చిన్న కెపాసిటర్ ఉంటుంది. చార్జర్ పుట్టించే విద్యుత్ గోల బయటికి పాకకుండా దాన్ని పెడతారు. దాని గుండా బహుకొద్ది కరెంటు, మిల్లీ ఆంపియర్‌లో పావువంతు లోపే, లోహపు మూతకి చేరుతుంది. చార్జర్‌కి మూడు పిన్నులుండి, గోడలో ఎర్త్ నిజంగా ఉంటే అది నేలలోకి పోతుంది. రెండు పిన్నుల చార్జరైనా, గోడలో మూడో రంధ్రానికి వెనక వైరే లేకపోయినా మన వేళ్ల గుండా పోతుంది. మల్టీమీటర్ పెడితే 80, 100 వోల్టులు చూపించి హడలగొడుతుంది గానీ, చార్జర్ మంచిదైతే ఆ కాస్త కరెంటు మనిషిని ఏమీ చెయ్యలేదు. పోర్టుని మాత్రం కాల్చగలదు. మీరు చూసిన నిప్పురవ్వ అదే. ఎర్త్ లేని ఇంట్లో మానిటర్ కేబుల్ గుచ్చేముందు రెండింటి ప్లగ్గులూ గోడలోంచి తీసెయ్యాలి, స్విచ్ ఆపితే చాలదు.

ఇక ఆ కుర్రాడు కలిపిన చిన్న వైరు. మీరు చెప్పినదాన్ని బట్టి సాకెట్ లోపల ఎర్త్ పిన్నునీ న్యూట్రల్ పిన్నునీ కలిపేసి ఉంటాడు. ఇది మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఉన్న దరిద్రం. న్యూట్రల్ బాగున్నంతకాలం అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మీటర్ బోర్డు దగ్గరో, స్తంభం దగ్గరో న్యూట్రల్ జాయింటు ఊడిందంటే, ఇంట్లో వేసి ఉన్న బల్బు, ఫ్యాను గుండా 230 వోల్టులు వెనక్కి తిరిగి ఆ సాకెట్‌కి తగిలించిన ప్రతి లోహపు వస్తువు మీదికీ వస్తాయి. ఇది జిల్లుతో పోయేది కాదు, చంపేది. పైగా ఇలా కలిపిన ఇంట్లో, కరెంటు నేలలోకి లీకైతే లైను తెంచేసే ఆర్‌సీసీబీ పెడితే ఊరికే పడిపోతుంటుంది. అప్పుడు ఆర్‌సీసీబీ పాడైందని దాన్నే తీసేస్తారు.

లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మీరు పక్కనే నిలబడి మూడు కొలతలు చూపించమనండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230కి దగ్గరగా రావాలి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు, మూడు వోల్టులు దాటకూడదు. తరవాత అదే గదిలో ఇస్త్రీ పెట్టె వేసి మూడో కొలత మళ్లీ తీయించండి. లోడు పడగానే న్యూట్రల్ వైరులో కొద్దిగా వోల్టేజీ పెరగాలి, అది సహజం. ఎంత లోడు వేసినా సున్నా దగ్గరే కదలకుండా ఉంటే సాకెట్‌లో రెండూ కలిపేశారని అనుమానించి విప్పించండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల పాత బల్బు పెట్టి చూడడం కూడా మంచి పరీక్షే. నిండుగా వెలగాలి. మినుకుమంటే ఎర్త్ పనికిరాదు. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో ఈ పరీక్ష చేస్తే అది వెంటనే పడిపోతుంది, పడిపోవడమే మంచి సూచన.

ఎర్త్ లేదని తేలితే గుంత తీయించడమే దారి. ఇంటి పునాదికి కనీసం మీటరున్నర దూరంలో, రెండున్నర మీటర్లకు తగ్గని జీఐ పైపు దింపాలి. చుట్టూ బొగ్గు, ఉప్పు వెయ్యడం పాత పద్ధతి. ఉప్పు నాలుగైదేళ్లలో పైపుని తినేస్తుంది కాబట్టి బెంటొనైట్ మట్టి దొరికితే అదే మేలు. పైన గరాటు పెట్టించి ఎండాకాలంలో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పొయ్యండి. ఎర్రమట్టి, రాతినేల ఎండితే ఎర్త్ నిరోధకత బాగా పెరుగుతుంది. కొలత 5 ఓమ్‌ల లోపు వచ్చేట్టు చూడమనండి. అక్కడినుంచి మీ మేడగది దాకా విడిగా ఎర్త్ వైరు లాగించి, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. మంచి కుర్చీకయ్యే ఖర్చులో ఇదంతా అయిపోతుంది. ఇది అయ్యేదాకా కొత్త మానిటర్ కొనకండి.

ప్రశ్న: నాది 155 సెంటీమీటర్ల ఎత్తు. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని రోజూ తొమ్మిది గంటలు పనిచేస్తున్నాను. భుజాలు పట్టేస్తున్నాయి, మెడ వంగిపోతోంది. మావయ్యగారు కొత్త టేబుల్ చేయిస్తానంటున్నారు. వడ్రంగికి ఏ కొలతలు ఇవ్వమంటారు?
— ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: మీ భుజాల నొప్పికి కారణం ఆ టేబుల్ ఎత్తే. డైనింగ్ టేబుల్ మామూలుగా 75, 76 సెంటీమీటర్లుంటుంది. మీ ఎత్తు మనిషి పాదాలు నేలకి ఆనించి కూర్చుని మోచెయ్యి లంబంగా మడిస్తే, నేల నుంచి మోచేతికి 61, 62 సెంటీమీటర్లకు మించదు. అంటే మీ చేతులు రోజూ తొమ్మిది గంటలు 13 నుంచి 15 సెంటీమీటర్లు పైకెత్తే ఉంటున్నాయి.

వడ్రంగి రాకముందే ఇంట్లోవాళ్ల చేత కొలిపించుకోండి. చెప్పులు లేకుండా గట్టి స్టూలు మీద కూర్చుని, తొడలు నేలకి సమాంతరంగా, పాదాలు పూర్తిగా ఆనేట్టు చూసుకోండి. నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఒక కొలత, నేల నుంచి మోచేయి కింది దాకా ఒకటి, నేల నుంచి కంటి దాకా ఒకటి. మొదటిది కుర్చీ ఎత్తు. రెండోది కీబోర్డు ఉండాల్సిన ఎత్తు. అందులోంచి కీబోర్డు మందం రెండు సెంటీమీటర్లు తీసేస్తే బల్ల పైభాగం. మూడోది మానిటర్ పై అంచు. అది కంటికి సమానంగానో, రెండు మూడు సెంటీమీటర్లు కిందగానో ఉండాలి. రెండు పవర్ల కళ్లద్దాలు వాడేవాళ్లయితే ఇంకా దించాలి, లేకపోతే గడ్డం పైకెత్తి చదవాల్సి వస్తుంది.

ఇప్పుడు వడ్రంగికి చెప్పాల్సింది. పొడవు 120, వెడల్పు 70 సెంటీమీటర్లు. 60 వెడల్పుతో సరిపెడదామంటారు, ఒప్పుకోకండి. మానిటర్ చెయ్యి చాపినంత దూరంలో, అంటే 60, 65 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. దాని స్టాండే 20 దాకా తినేస్తుంది. పలక 19 మిల్లీమీటర్ల బ్లాక్ బోర్డో ప్లైవుడ్డో చాలు. 120 పొడవున అది కాలక్రమంలో నడుం వంచుతుంది కాబట్టి వెనక అంచు కింద ఏడెనిమిది సెంటీమీటర్ల పట్టీ నిలువుగా కొట్టించండి. ముందు వైపు మాత్రం పట్టీ వద్దు, సొరుగు అసలే వద్దు. బల్ల 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే పలక కింద తొడలకి మిగిలేది కొద్ది చోటే. సొరుగు పెడితే కాళ్లు లోపలికి పోవు. ముందు అంచుని గుండ్రంగా చిత్రిక పట్టించండి. పదునుగా వదిలేస్తే మణికట్టు నరాల మీద ఒత్తుకుంటుంది.

కుర్చీ విషయంలో మీ ఎత్తువాళ్లకి ఒక చిక్కుంది. ఆఫీసు కుర్చీల్లో చాలావాటికి పూర్తిగా దించినా సీటు 44, 45 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మీకు కావలసింది 39, 40. అలాంటిది కొంటే పాదాల కింద ఐదారు సెంటీమీటర్ల పీట తప్పదు. బల్ల కూడా అంతే మేర పెంచుకోవాలి. అందుకే ముందు కుర్చీ కొని, అందులో కూర్చుని కొలతలు మళ్లీ తీసుకుని, ఆ తరవాతే బల్ల చేయించండి. సీటు లోతు చూడడం మరిచిపోకండి. వీపు ఆనించి కూర్చున్నాక మోకాలి మడతకీ సీటు అంచుకీ మధ్య రెండు, మూడు వేళ్లు దూరాలి. దూరకపోతే కుర్చీ మీకు పెద్దది. ఎంత మెత్తగా ఉన్నా వద్దు.

కొత్త బల్ల వచ్చేదాకా డైనింగ్ టేబుల్ దగ్గరే కుర్చీలో గట్టి దిండు వేసి మోచేయి కీబోర్డు ఎత్తుకి వచ్చేదాకా సీటు పెంచుకోండి. పాదాలు పూర్తిగా ఆనేట్టు కింద చెక్క పెట్టండి. ల్యాప్‌టాప్‌ని పుస్తకాల మీద కంటి ఎత్తుకి లేపి కీబోర్డు, మౌసు విడిగా పెట్టుకోండి. ల్యాప్‌టాప్ ఒక్కదాంతోనే మెడా చేతులూ రెండూ బాగుండడం సాధ్యం కాదు. తెర సరైన ఎత్తుకొస్తే మీటలు పైకిపోతాయి, మీటలు దిగితే తెర దిగుతుంది.

బల్లని కిటికీకి పక్కగా వెయ్యండి. కిటికీ ఎదురుగా ఉంటే కళ్లు నొప్పి, వెనక ఉంటే తెర మీద మెరుపు. తెర వెలుగు ఎక్కువో తక్కువో తెలియాలంటే పక్కనే తెల్లకాగితం పట్టుకోండి. కాగితం బూడిదరంగుగా కనిపిస్తే తెర వెలుగు ఎక్కువైనట్టు.

ప్రశ్న: బరంపురంలో ఉంటున్నాం. డెస్క్‌టాప్ మీద పని. 900 వీఏ ఇన్వర్టరు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉన్నాయి. అయినా కరెంటు పోగానే డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతోంది, వైఫై కూడా పోయి వస్తోంది. ల్యాప్‌టాప్‌కి మారితే బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో కూడా చెప్పగలరా?

జవాబు: ఇన్వర్టరు వెనక చిన్న స్విచ్ చూడండి. ఒకవైపు యూపీఎస్ అని, మరోవైపు నార్మల్ అనో ఎకో అనో ఉంటుంది. నార్మల్‌లో ఉంటే బ్యాటరీకి మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. డెస్క్‌టాప్ పవర్ సప్లై లోపల దాచుకున్న కరెంటుతో నిలబడగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లే. యూపీఎస్ వైపు తిప్పితే మారే సమయం 10 మిల్లీసెకన్ల చుట్టూ దిగుతుంది, రీస్టార్ట్ ఆగిపోతుంది.

అయితే యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టరు వోల్టేజీ విషయంలో పట్టుదలగా ఉంటుంది. దాదాపు 180కి దిగిందంటే కరెంటున్నా బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. సాయంత్రం వోల్టేజీ పడిపోయే వీధుల్లో దీనివల్ల బ్యాటరీ నిండకుండానే ఖర్చవుతుంటుంది. మీ ఇంట్లో సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య వోల్టేజీ రాసిపెట్టండి. 190 పైన ఉంటే యూపీఎస్ మోడ్ హాయిగా పెట్టుకోవచ్చు. తరచూ 180 కిందికి పోతుంటే ఇన్వర్టరు నార్మల్‌లోనే ఉంచి, డెస్క్‌టాప్‌కి విడిగా చిన్న యూపీఎస్ పెట్టండి. చిన్న యూపీఎస్‌ల మీద రాసే వీఏ అంకె చూసి మోసపోకూడదు. 600 వీఏ అంటే చాలావాటిలో 360 వాట్లే. లోపల ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. కాగితం మీద 84 వాట్-అవర్లు. వేగంగా పిండితే అందులో సగమే చేతికొస్తుంది. 120 వాట్ల డెస్క్‌టాప్‌కి 20 నిమిషాల పైన ఆశించకండి. ఇన్వర్టరు స్క్వేర్ వేవ్‌దైతే కొన్ని కొత్త పవర్ సప్లైలు గుయ్యిమంటాయి, ఆగిపోతాయి కూడా. అప్పుడు సైన్ వేవ్‌ది కొనాల్సిందే.

ఇక ల్యాప్‌టాప్ లెక్క. ల్యాప్‌టాప్ 60 వాట్లు, మానిటర్ 30, ఫైబర్ డబ్బా, రౌటరు కలిపి 12, ఎల్ఈడీ దీపం 10, పాత సీలింగ్ ఫ్యాను 75. మొత్తం 187. బ్యాటరీ 150 ఇంటూ 12 అంటే 1800 వాట్-అవర్లు. ఇన్వర్టరు తన కోసం ఐదోవంతు తింటుంది. బ్యాటరీని ముప్పాతిక దాటి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు పోతుంది. అలా చూస్తే మిగిలేది 1080. దాన్ని 187తో భాగిస్తే ఆరు గంటలకు కాస్త తక్కువ. ఫ్యాను మార్చి 30 వాట్ల బీఎల్‌డీసీది బిగిస్తే మొత్తం 142కి దిగుతుంది, ఏడున్నర గంటలొస్తుంది. రెండో బ్యాటరీ కొనేముందు ఫ్యాను మార్చమని చెప్పేది అందుకే. ఇవి కొత్త బ్యాటరీ లెక్కలు. మూడు నాలుగేళ్లు వాడినదైతే మూడోవంతు కొట్టేసుకోండి.

వైఫై పోకుండా ఉండడానికి 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ దొరుకుతుంది. కొనేముందు ఫైబర్ డబ్బా అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి అంతకు తగ్గకుండా తీసుకోండి. ప్లగ్గు మధ్యలో పాజిటివో కాదో బొమ్మ గీసి ఉంటుంది, అది కలవాలి. ట్యూబులర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ రెండు, మూడు నెలలకోసారి, ఎండాకాలంలో నెలనెలా చూడండి. యాసిడ్ మాత్రం ఎప్పుడూ పొయ్యకండి. ఆవిరైపోయేది నీళ్లే.

ప్రశ్న: మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. ఎండకాలం మధ్యాహ్నం ప్రాజెక్టు బిల్డ్ (కోడ్‌ను ప్రోగ్రామ్‌గ తయారుచేసుడు) పెడ్తే పొద్దున పట్టే టైముకు డబుల్ పడ్తున్నది. ఫ్యాన్ ఒకటే మోత. కూలర్ ముంగట పెట్టి చూసిన, అంత ఫరక్ లేదు. టచ్‌ప్యాడ్ గుడ కొంచెం పైకి లేచినట్టు కొడ్తున్నది. కొత్త ల్యాప్‌టాప్ కొనుడేనా?

జవాబు: ముందు టచ్‌ప్యాడ్ సంగతి. అది పైకి లేచిందంటే కింద బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. ఇప్పుడే చార్జర్ పీకి, మెషిన్ ఆపెయ్యండి. నొక్కి సరిచేయడానికి ప్రయత్నించకండి, గుచ్చకండి, మళ్లీ చార్జింగ్ పెట్టకండి. పరుపులు, పత్తి, కాగితాలు లేని చోట గచ్చు మీద ఉంచి, మంచిర్యాల వైపు వెళ్లేవాళ్లుంటే సర్వీసు సెంటరుకి పంపండి. బ్యాటరీ మారాక పవర్ సెట్టింగుల్లోనో బయోస్‌లోనో చార్జింగ్ హద్దు 80 శాతానికి పెట్టండి. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే మెషిన్‌కి 60 అయినా చాలు. వేడి గదిలో నూరుశాతం నిండి కూర్చునే బ్యాటరీయే తొందరగా ఉబ్బుతుంది.

వేగం తగ్గడానికి లెక్క సులువు. ల్యాప్‌టాప్ కంపెనీలు చాలావరకు తమ మెషిన్‌కి గది వేడి 35 డిగ్రీల దాకానే అని రాస్తాయి. మీ దగ్గర మే నెలలో బయట 45 దాటుతుంది. 27 డిగ్రీల గదిలో బిల్డ్ నడిచేటప్పుడు ప్రాసెసర్ 85 దగ్గర ఉందనుకోండి. గది 43 అయితే అది 100 దాటాలి. దాటనివ్వకుండా ప్రాసెసరే తన వేగం తగ్గించుకుంటుంది. కొత్త ల్యాప్‌టాప్ కొన్నా ఇదే జరుగుతుంది.

ముందు దుమ్ము దులపండి. వెనక మూత విప్పి, బ్యాటరీ తీగ తీసి, ఫ్యాను రెక్కని అగ్గిపుల్లతో కదలకుండా పట్టుకుని బ్లోయర్ కొట్టండి. రెక్క తిరగనిస్తే అది కరెంటు పుట్టించి బోర్డుని దెబ్బతీయొచ్చు. బేరింగూ పోతుంది. అసలు దుమ్ము ఫ్యాను మీద ఉండదు, ఫ్యానుకీ రాగి రెక్కలకీ మధ్య నమదాలా పేరుకుని ఉంటుంది. దాన్ని పట్టకారుతో తియ్యాలి. మూడేళ్లు దాటిన మెషినైతే థర్మల్ పేస్టు కూడా మార్పించండి. తరవాత వెనక భాగం మూడు నాలుగు సెంటీమీటర్లు లేపి ఉంచండి. విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99కి దించితే టర్బో, అంటే ప్రాసెసర్ కాసేపు అదనపు వేగంతో పరిగెత్తడం, ఆగిపోతుంది. చిన్న పనులు కాస్త నెమ్మదిస్తాయి గానీ వేడి బాగా తగ్గి, పొడుగాటి బిల్డ్ ఒకే వేగంతో సాగుతుంది.

కూలరు పనిచెయ్యకపోవడానికి కారణం తలుపులు మూసుకోవడమే అయి ఉండొచ్చు. కూలరు బయటి పొడిగాలిని తడిపి చల్లబరుస్తుంది. గదిలోపల పెట్టి తలుపులేస్తే కాసేపట్లో గాలంతా తడిసి చల్లదనం ఆగిపోతుంది. కిటికీలో బిగించి ఎదురు వైపు కిటికీ జానెడు తెరవండి. గాలి మీ మీదికి తగలాలి, మెషిన్ మీదికి నేరుగా తగలకూడదు. నీటి తుంపరలో ఉప్పు ఉంటుంది, ఎండాక బోర్డు మీద తెల్లగా మిగులుతుంది. వానలు మొదలయ్యాక కూలరు వల్ల ఉపయోగం లేదు, తేమ తప్ప. పెద్ద బిల్డులు పొద్దున పది లోపు పెట్టుకోండి. కంపెనీ ఒప్పుకుంటే మధ్యాహ్నం బిల్డులు సర్వర్ మీదికి నెట్టేయండి.

ప్రశ్న: జయపురంలో ఫైబర్ కనెక్షన్ ఉంది. వీడియో మీటింగుల్లో మాట తెగిపోతోంది. స్పీడ్ టెస్టులో మాత్రం బాగానే చూపిస్తోంది.

జవాబు: ల్యాప్‌టాప్‌ని రౌటరుకి క్యాట్ 6 కేబుల్‌తో కలిపి ఒకరోజు చూడండి. మాట తెగకపోతే దోషం వైఫైదే. రాతి గోడలు, రెండు గదులు దాటితే 5 గిగాహెర్ట్జ్ నిలవదు. కేబుల్ శాశ్వతంగా లాగించెయ్యండి. అప్పటికీ తెగుతుంటే రౌటరు పేజీలో ఆప్టికల్ పవర్ అని ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం (సిగ్నలు బలం కొలత) దాకా బాగున్నట్టు. మైనస్ 27 దగ్గరికొస్తే ఏ క్షణమైనా ఎర్రదీపం వెలుగుతుంది. సిగ్నలు పడిపోవడానికి ఇంట్లో ముఖ్యంగా రెండు కారణాలుంటాయి. ఫైబర్ తీగ తలుపు సందులోనో మేకు దగ్గరో మడత పడడం ఒకటి. పచ్చ కనెక్టర్ ఉండాల్సిన చోట నీలం కనెక్టర్ గుచ్చడం రెండోది. తీగ మలుపు అరచేతి వెడల్పు కంటే చిన్నది కాకూడదు.

రెండో దారి తప్పదు. ఘాట్ రోడ్డు పనుల్లో ఫైబర్ తెగితే కొన్ని గంటల మాట. వేరే కంపెనీ సిమ్ వేసిన 4జీ రౌటరుని టవర్ వైపు కిటికీలో పెట్టండి. దాని పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పి (టవర్ సిగ్నలు బలం) మైనస్ 95 కంటే మెరుగ్గా ఉన్న చోటు వెతకండి. మైనస్ 110 కంటే దిగితే మీటింగు నడవదు. ఒక అడుగు పక్కకి జరిపితేనే ఆ అంకెలో పది దాకా తేడా రావచ్చు.

ప్రశ్న: రాయగడ నుంచి. 16 జీబీ ర్యామ్ చాలా, 32 కావాలా? ప్రోగ్రాముల్ని విడి పెట్టెల్లో నడిపే డాకర్, ఫోన్ యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో రెండూ వాడతాను.

జవాబు: ఆ రెండూ ఒకేసారి నడిపేవారికి 32. వెబ్ పనికి మాత్రమే అయితే 16 చాలు. ర్యామ్ బోర్డుకి అతికించినది కాకుండా స్లాట్ ఉన్నదే కొనండి, తరవాత పెంచుకోవచ్చు. విండోస్‌లో డాకర్ డబ్ల్యూఎస్ఎల్ మీద, అంటే విండోస్ లోపలే నడిచే లినక్స్ మీద, నడుస్తుంది. అది మామూలుగా సగం ర్యామ్ దాకా తీసుకోగలదు. దాని కాన్ఫిగ్ ఫైల్లో మెమరీ హద్దు రాసి పెడితే తెర మీద ఫోన్‌ని అనుకరించే ఎమ్యులేటర్‌కి ఊపిరాడుతుంది. ప్రాజెక్టు ఫైళ్లు సీ డ్రైవ్‌లో ఉంచి లినక్స్ లోంచి వాడితే బిల్డ్ ఈడుస్తుంది. లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోకి మార్చండి. కొనేముందు ఆన్‌సైట్ వారంటీ మీ పిన్‌కోడ్‌కి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. విశాఖపట్నం దాకా మెషిన్ మోసుకెళ్లాల్సిన వారంటీకీ ఇంటికొచ్చే వారంటీకీ పదిరోజుల పని తేడా.

ప్రశ్న: ధర్మాబాద్‌లో ఉండి తెలుగు, మరాఠీ రెండు భాషల యాప్ మీద పనిచేస్తున్నాను. రెండు కీబోర్డులు నేర్చుకోవాలా?

జవాబు: ఒకటి చాలు. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. 1991 నాటి భారతీయ ప్రమాణంలో ఉన్న ఈ అమరికలో తెలుగు, మరాఠీ, ఒడియా అన్నిటికీ ఒకే అక్షరం ఒకే మీట మీద ఉంటుంది. తెలుగు క ఏ మీట మీదో మరాఠీ క కూడా అదే మీట మీద. ఎడమచేతి కింద అచ్చులు, కుడిచేతి కింద హల్లులు. బ్రాకెట్ల మీటల మీద కూడా అక్షరాలుంటాయి కాబట్టి కోడ్ రాసేటప్పుడు ఇంగ్లిష్‌కి మారాలి. ఎడిటర్‌లో వరుస ఎత్తు 1.6 పెట్టుకోండి, లేకపోతే తెలుగు ఒత్తులు కింది వరుసలో తెగిపోతాయి. చాలా టెర్మినళ్లలో ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. అది ఫైలు తప్పు కాదు, ఎడిటర్‌లో తెరిచి చూసుకోండి. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో కంటికి కనపడని విభజన గుర్తు దూరుతుంది. ఒకే మాట రెండు రకాలుగా నమోదై సెర్చ్‌లో దొరకదు. పోల్చేముందు ఆ గుర్తుని తీసేసే ఫంక్షన్ రాసిపెట్టండి.

ప్రశ్న: ఛత్రపురంలో సముద్రానికి దగ్గరగా ఉన్నాం. మెషిన్ పోర్టులు పచ్చబారుతున్నాయి. తుఫాను రోజుల్లో ఏం జాగ్రత్త పడాలి?

జవాబు: పచ్చబారేది రాగి. ఉప్పుగాలి, తేమ కలిసి చేసే పని. రోజూ వాడే మెషిన్ వెచ్చగా ఉండి కొంత తట్టుకుంటుంది. వారాల తరబడి మూసి ఉంచినదే ముందు పోతుంది. వాడని పోర్టులకి రబ్బరు మూతలు పెట్టండి. పక్కన పెట్టేసిన సామాన్లు సిలికా జెల్ పొట్లాలతో బిగుతు డబ్బాలో ఉంచండి. ఏసీ గదిలో చల్లబడిన ల్యాప్‌టాప్‌ని వరండాలోకి తెచ్చి వెంటనే వేయకండి. తేమ పట్టి ఉంటుంది, అరగంట ఆగండి.

తుఫాను సంగతి మీవైపు వాళ్లకి కొత్త కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. హెచ్చరిక రాగానే, కరెంటు ఉండగానే పని మొదలుపెట్టండి. పూర్తికాని కోడ్‌ని కూడా విడి బ్రాంచిలో పుష్ చెయ్యండి. ప్రాజెక్టుకి కావలసిన లైబ్రరీలు, కంటైనర్ ఇమేజీలు, డాక్యుమెంటేషన్ ఆఫ్‌లైన్‌కి దింపుకోండి. ముఖ్యమైనవన్నీ ఎన్‌క్రిప్ట్ చేసిన బయటి డిస్క్ మీదికి ఎక్కించి, దాన్ని రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి పై అటకలో పెట్టండి. ఎన్ని రోజులు అందుబాటులో ఉండకపోవచ్చో మేనేజరుకి ముందే రాయండి. గాలి మొదలయ్యాక ప్లగ్గులన్నీ పీకి, డెస్క్‌టాప్‌ని నేల మీదినుంచి ఎత్తి పెట్టండి. ఫైబర్ గాజుదేనని ఊరుకోవద్దు, వీధి నుంచి ఇంటికొచ్చే తీగల్లో చాలావాటికి బలానికి ఉక్కు తంతి ఉంటుంది. పిడుగు దానిమీద కూడా వస్తుంది. ఆ కనెక్టరూ తీసెయ్యండి.

సామాన్లు ఎక్కువగా కాలిపోయేది తుఫాను వెళ్లిపోయి కరెంటు తిరిగొచ్చేటప్పుడు. స్తంభాల మీద న్యూట్రల్ తెగి ఉంటే సింగిల్ ఫేజ్ ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. మెయిన్ స్విచ్ ఆపే ఉంచండి. వీధిలో కరెంటొచ్చాక మెయిన్ వేసి, ఒక్క పాత బల్బు మాత్రమే వెలిగించి, మల్టీమీటర్ సాకెట్‌లో పెట్టి చూడండి. పావుగంట సేపు 200కీ 250కీ మధ్య నిలకడగా ఉంటే ముందు ఫ్రిజ్, ఆ తరవాత ఇన్వర్టరు, అన్నిటికన్నా చివర మెషిన్.